బండిపై రేడియో ఏరియల్: బిగించు పద్ధతి, ఎర్తు మర్మము

“ఎర్తు” అను మాట ఎరుగని రైతు నేడు లేడు. పంపుసెట్టుకు ఎర్తు అందురు. ట్రాక్టరు బ్యాటరీకి ఎర్తు అందురు. రేడియో ఏరియల్‌కు కూడ ఎర్తు అందురు. మాట ఒకటే అయినను మూడుచోట్ల అది చేయు పని మూడు విధములు. ఈ భేదము తెలియక ఒకచోటి పద్ధతిని మరియొకచోట వాడినచో ఒక్కొక్కప్పుడు పని చెడును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును. బండిపై నిలుపు రేడియో ఏరియల్‌ను ఉదాహరణగా తీసికొని, ఈ పాఠములో ఆ భేదమును తెలిసికొందము. రేడియో లేని రైతుకు కూడ ఇది పనికివచ్చును. ఏలయన, ఇందు చెప్పిన విషయములలో సగము ప్రతి ట్రాక్టరుకును వర్తించును.

సీ.బీ. రేడియో అననేమి?

ఒక బండిలోని మనిషి మరొక బండిలోని మనిషితో మాట్లాడుటకు ఉపయోగపడు చిన్న రేడియో సెట్టును సీ.బీ. రేడియో అందురు. ఇందులో వినుటయు, మాట్లాడుటయు రెండును కలవు. మైకు మీది మీటను నొక్కి మాట్లాడవలెను, వదలి వినవలెను. అమెరికాలో 27 మెగాహెర్ట్జ్ ప్రాంతములో ఈ సెట్లకు 1958లో చోటు కేటాయించిరి. మొదట 23 ఛానెళ్లు ఉండెడివి. 1977 నుండి అవి 40 అయినవి. మామూలు పద్ధతిలో ఈ సెట్టు వెలువరింపదగిన శక్తి 4 వాట్లు మాత్రమే. అనగా ఒక చిన్న రాత్రి దీపమునకు సరిపడునంత. 1983 నుండి ఆ దేశములో దీనికి లైసెన్సు అవసరము లేకుండ చేసిరి.

అక్కడ దూరప్రయాణపు లారీలవారు దీనిని విరివిగా వాడిరి. ఎక్కువగా 19వ ఛానెల్‌లో దారిలోని అడ్డంకులను, ప్రమాదములను ఒకరికొకరు తెలుపుకొందురు. 9వ ఛానెల్‌ను ఆపద వేళలకు విడిచి ఉంచిరి. పెద్ద పొలములు గల గోధుమ మండలములలో రైతులును దీనిని వాడిరి. కోతయంత్రము నడుపువాడు “తొట్టి నిండినది, బండి తెమ్ము” అని పొలము రెండవ చివర ఉన్న లారీవానికి చెప్పగలడు. సెల్ ఫోనులు వచ్చిన తరువాత వీటి వాడుక తగ్గినది. కాని ఫోను సంకేతము అందని చోట్ల ఇవి నేటికిని పని చేయుచున్నవి. నడుమ ఏ టవరు అవసరము లేదు. నెలసరి రుసుము లేదు.

కేవలము 4 వాట్ల శక్తితో మైదానపు నేలలో కొన్ని కిలోమీటర్ల దూరము మాట అందవలెను. కావున ఉన్న కొద్దిపాటి శక్తి దారిలో వృథా పోరాదు. అది వృథా పోవునా, గాలిలోనికి పోవునా అనునది సెట్టు వెలను బట్టి కాక, ఏరియల్ బిగించిన తీరును బట్టి ఉండును.

ఏరియల్ సగము, బండి సగము

27 మెగాహెర్ట్జ్ తరంగము పొడవు సుమారు 11 మీటర్లు. బండ్లపై వాడు నిలువు ఏరియల్ ఇందులో నాలుగవ వంతు, అనగా సుమారు 2.75 మీటర్లు ఉండవలెను. అమెరికాలో పేరుపొందిన 102 అంగుళముల ఉక్కు చువ్వ, దాని అడుగున బిగించు 6 అంగుళముల స్ప్రింగు, రెండును కలిపి 108 అంగుళములు. అదియే ఈ 2.75 మీటర్ల కొలత. పొట్టి ఏరియల్‌లలో తీగెను చుట్టగా చుట్టి ఈ పొడవు కొరతను తీర్తురు. అవి చూచుటకు సౌకర్యమే గాని, పొడవు తగ్గిన కొలది పని కొంత తగ్గును.

ఇక ముఖ్య విషయమునకు వత్తము. నాగలి కాడికి రెండు ఎడ్లు కావలెను గదా. ఒక ఎద్దును కట్టి, రెండవ వైపు ఖాళీగా విడిచినచో నాగలి సాగదు. అట్లే ఏరియల్ ఒంటరిగా పని చేయలేదు. చువ్వలోనికి ఎంత విద్యుత్తు ఎక్కునో, అంత విద్యుత్తు దానికి రెండవ జతగా మరియొక లోహములో ప్రవహింపవలెను. ఇంటి మీద కట్టిన ఏరియల్ అయినచో ఆ రెండవ సగమును తీగెలతో అమర్తురు. బండి మీద ఆ రెండవ సగము బండి శరీరమే: పైకప్పు రేకు, బానెట్టు, చాసిస్. చువ్వ అడుగుభాగమునకును, ఈ రేకులకును మధ్య గల అతుకు కాడివంటిది. ఆ అతుకు చెడినచో రెండవ ఎద్దు విప్పివేసినట్లే.

ఇందు నేలతో నిమిత్తము లేదను సంగతి గమనింపుడు. బండి రబ్బరు టైర్ల మీద నిలిచి ఉండును. నేలకు గొలుసు వ్రేలాడగట్టి ఈడ్చినను, ఇనుపచువ్వ గ్రుచ్చినను రేడియో మాట బాగుపడదు. బండి ఏరియల్‌కు “ఎర్తు” అనగా మట్టి కాదు, బండి లోహము.

మూడు ఎర్తులు, మూడు పనులు

1. పంపుసెట్టు ఎర్తు: ఇది ప్రాణరక్షణ కొరకు. మోటారులోని తీగెపై తొడుగు చెడి, కరెంటు మోటారు పైభాగమునకు వచ్చినచో, దానికి సులువైన దారి ఇచ్చి ఫ్యూజు పోవునట్లు చేయుటయే దీని పని. దీనికి మట్టి తప్పనిసరి. గొయ్యి త్రవ్వి, గొట్టము లేక పలక పాతి, తేమ నిలుపవలెను. మూడు ఫేజుల మోటారుకు రెండు వేరువేరు ఎర్తులు ఉండవలెనని నియమము.

2. బ్యాటరీ ఎర్తు: ఇది తిరుగు దారి. బ్యాటరీ ధన ధ్రువము నుండి తీగెలో బయలుదేరిన కరెంటు దీపమును వెలిగించి, మోటారును త్రిప్పి, చాసిస్ ఇనుము గుండ ఋణ ధ్రువమునకు చేరును. ఇక్కడ మట్టితో పని లేదు.

3. ఏరియల్ ఎర్తు: ఇది పైన చెప్పిన రెండవ సగము. మట్టితో పని లేదు. కాని బ్యాటరీ ఎర్తుకు సరిపడు అతుకు దీనికి చాలదు. ఎందుచేతనో ముందు చూతము.

బండిపై ఎర్తు అమర్చుట నేర్చిన పనివాడు “ఇనుమునకు ఇనుము తగిలినది, చాలు” అని పంపుసెట్టు దగ్గర కూడ తలచినచో మిక్కిలి ప్రమాదము. మోటారును ఇనుప చట్రమునకు బోల్టులతో బిగించుట ఎర్తు కానేరదు. తడికాళ్లతో దానిని తాకినవానికి ఆ చట్రమే మృత్యువగును. ఈ భేదమును గ్రామాధికారులును, యువక సంఘములవారును పదిమందికి చెప్పవలెను.

ఏరియల్‌ను ఎక్కడ నిలుపవలెను?

ఏరియల్ చుట్టును నలువైపుల రేకు ఉన్న చోటు అన్నిటికంటె మేలు. కావున పైకప్పు నట్టనడుమ మొదటి స్థానము. చువ్వ అడుగున రేకు ఎటు ఎక్కువగా పరచియుండునో, మాట ఆ వైపునకు కొంత బలముగా పోవును. వెనుక ఎడమ మూలలో నిలిపినచో బండి ముందు కుడివైపు కొంత ఎక్కువ అందును. ఇది దోషము కాదు, తెలిసియుండవలసిన సంగతి.

లారీలలో పైకప్పు ఎత్తు వలన అద్దముల చట్రమునకు ఏరియల్ బిగించుట వాడుక. ఇక్కడ ఒక చిక్కు కలదు. అద్దపు చట్రము తలుపునకు, తలుపు బందులకు, బందులు క్యాబునకు తగిలియుండును. బందులలో గ్రీజు, తుప్పు, రంగు ఉండును. కావున అద్దపు చట్రము చూచుటకు బండికి అతికినట్లున్నను, రేడియోకు విడిపోయినట్లే. అక్కడ వేరుగా పట్టీ కలుపవలెను.

ట్రాక్టరు, కోతయంత్రములలో క్యాబు సాధారణముగా రబ్బరు దిమ్మల మీద కూర్చుండును. అదురు తగ్గుటకు ఇది మంచిదే. కాని రబ్బరు కరెంటును పోనీయదు. క్యాబు నుండి చాసిస్‌కు పట్టీ లేనిచో రెండవ సగము క్యాబు రేకు వరకే ఉండును. పైకప్పు ఫైబరుతో చేసినదైనచో అక్కడ అసలు రేకే లేదు. అట్టి బండికి లోహపు చట్రము గల చోటును వెదకవలెను. లేదా రెండవ సగము అవసరము లేకుండ తయారుచేసిన ప్రత్యేకపు ఏరియల్‌ను, దాని కేబులుతో సహా కొనవలెను.

అయస్కాంతపు పీట గల ఏరియల్‌లు కూడ కలవు. వాటిని ఇనుప రేకు మీద ఉంచిన చాలును. తొలిచే పని లేదు. పీటకును రేకుకును మధ్య రంగు ఉన్నను, దాని గుండ రేడియో తరంగపు కరెంటు కొంత వరకు దాటిపోవును. అప్పుడప్పుడు వాడుకొనువారికి ఇది సదుపాయము. కాని పీట క్రింద ఇసుక చేరినచో రంగు గీచుకొనును, తుప్పు పట్టును. అల్యూమినియము, ఫైబరు కప్పులకు అయస్కాంతము అంటదు. గతుకుల దారిలో ఊడిపోవచ్చును. నిత్యము వాడువారికి బోల్టుతో బిగించునదే శ్రేష్ఠము.

బిగించు విధానము

1. పని మొదలుపెట్టు ముందు బ్యాటరీ ఋణ ధ్రువపు తీగెను విప్పవలెను.

2. బిగించు చోట రేకు వెనుక ఏమున్నదో చూచుకొని రంధ్రము తొలువవలెను. దీపముల తీగెలు, డీజిలు గొట్టములు తెగకుండ చూచుకొనవలెను.

3. రంధ్రము చుట్టును, బ్రాకెట్టు ఆనుచోటను రంగును పూర్తిగా గీకి, లోహము మెరయునట్లు గరుకు కాగితముతో రుద్దవలెను. పైభాగమున మాత్రమే కాదు, నట్టు ఆను అడుగు వైపున కూడ గీకవలెను. చాలామంది ఇక్కడనే పొరపడుదురు. రంగు పూతపై ఎంత గట్టిగా బిగించినను అతుకు ఏర్పడదు.

4. పండ్లు గల వాషరును వేయవలెను. దాని పండ్లు లోహములోనికి దిగి అదురుకు వదులుకాకుండ పట్టును.

5. ఏరియల్ నిలుచు నడిమి బోల్టు బ్రాకెట్టుకు తగులరాదు. వాటి మధ్య ప్లాస్టిక్ బుష్ ఉండును. దాని మెడ బ్రాకెట్టు రంధ్రములో సరిగా కూర్చుండవలెను. కేబులులోని నడిమి తీగె బోల్టునకు, దాని చుట్టునున్న అల్లిక బ్రాకెట్టుకు కలియవలెను. బుష్‌ను తారుమారుగా వేసినచో రెండును కలిసిపోయి, శక్తి ఏరియల్ ఎక్కక సెట్టుకే తిరిగివచ్చును.

6. బిగించిన తరువాత అతుకు చుట్టును గ్రీజు గాని, పెట్రోలియము జెల్లీ గాని పూయవలెను. ముందు పూసి తరువాత బిగించుట కాదు. బిగించి తరువాత పూయవలెను. నీరు చొరకుండుటయే దీని ఉద్దేశము. రాగి పట్టీని అల్యూమినియమునకు నేరుగా తాకించినచో తడికి అతుకు త్వరగా తినివేయబడును. మధ్య తగరపు పూత గల వాషరు వేయుట మంచిది.

7. కేబులు 50 ఓముల రకము కావలెను. దానిని మడత పడనీయరాదు. తలుపు సందున నలుగనీయరాదు. లోపల నలిగిన కేబులు పైకి బాగుగనే కనబడును. రేకు రంధ్రము గుండ పోవుచోట రబ్బరు బుష్ వేయవలెను.

8. సెట్టుకు కరెంటు తీగెలను రెండింటిని నేరుగా బ్యాటరీకి తీసికొనిపోవుట మేలు. ధన ధ్రువపు తీగెపై బ్యాటరీకి దగ్గరలోనే, తయారీదారు చెప్పిన పరిమాణముగల ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు సెట్టు దగ్గర మాత్రమే ఉన్నచో, మధ్య తీగె రాచుకొని తొడుగు పోయినపుడు బండి తగులబడవచ్చును.

9. చువ్వ కొనన ఉన్న చిన్న బొడిపెను తీసివేయరాదు. అది కంటిని కాపాడును.

పట్టీ వెడల్పుగా, పొట్టిగా ఎందుకు?

రబ్బరు దిమ్మలు, బందులు ఉన్నచోట్ల రెండు లోహభాగములను పట్టీతో కలుపవలెనంటిమి. ఇంట మిగిలిన సన్నతీగె ముక్కతో కలిపినచో చాలదా? బ్యాటరీ కరెంటుకు చాలును. రేడియో కరెంటుకు చాలదు.

బ్యాటరీ కరెంటు ఒకే దిక్కున పారును. రేడియో కరెంటు సెకనుకు 2 కోట్ల 70 లక్షల మారులు ముందుకు వెనుకకు ఊగును. ఇంత వేగముగ ఊగు కరెంటుకు తీగె పొడవే అడ్డగును. ఒక అడుగు పొడవుగల సన్నతీగె, మామూలు మీటరులో సున్న ఓములు చూపినను, ఈ ఊపునకు 50 ఓములకు పైబడిన అడ్డు కలిగించును. ఏరియల్ అడుగున ఉండు అడ్డు 36 ఓముల ప్రాంతము మాత్రమేనని తెలిసినచో ఆ సన్నతీగె ఎంతటి ఆటంకమో బోధపడును. అదియు గాక ఈ కరెంటు లోహపు లోతులకు పోదు, పైపొరలోనే నడచును. కావున పైభాగము విశాలముగా ఉన్న వెడల్పు పట్టీ, అల్లిన రాగి పట్టీ శ్రేష్ఠము. ఎంత పొట్టిగా ఉన్న అంత మేలు. ఒక మూర పట్టీ ఒకటి కంటె, బెత్తెడు పట్టీలు రెండుచోట్ల వేయుట ఎక్కువ లాభము.

క్యాబు నుండి చాసిస్‌కు, బానెట్టు నుండి క్యాబునకు, అద్దపు చట్రము నుండి క్యాబునకు, పొగగొట్టము నుండి చాసిస్‌కు పట్టీలు వేసినచో రెండవ సగము బలపడును. ఇంజను వలన రేడియోలో వినబడు గరగర కూడ తగ్గును.

మీట నొక్కుటకు ముందు పరీక్ష

ఏరియల్ సరిగా లేకుండ మీట నొక్కినచో శక్తి వెనుకకు మరలి సెట్టులోని భాగములను కాల్చవచ్చును. కావున ముందు మల్టీమీటరుతో, కేబులును సెట్టు నుండి విప్పి, రెండు పరీక్షలు చేయవలెను.

మొదటిది: బ్రాకెట్టు నుండి బ్యాటరీ ఋణ ధ్రువమునకు. మీటరు సున్నకు దగ్గరగా చూపవలెను. తలుపును తెరచి మూసి, చువ్వను ఊపి చూచినను ముల్లు కదలరాదు.

రెండవది: కేబులు నడిమి తీగెకును, అల్లికకును మధ్య. ఎక్కువ రకముల ఏరియల్‌లలో ఇక్కడ కలయిక ఉండరాదు. అయితే కొన్ని ఏరియల్‌లలో అడుగు చుట్టను కావలెననియే ఎర్తుకు కలిపి తయారుచేయుదురు. వాటిలో సున్న చూపుట దోషము కాదు. ఏ రకమో తయారీదారు కాగితములో చూడవలెను.

తరువాత ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరుతో పరీక్ష. కాలువలో వచ్చు నీరు తూము సరిగా తెరచియున్నచో పొలమునకు పారును. తూము ఇరుకైనచో కొంత వెనుకకు తన్నును. అట్లే సెట్టు పంపిన శక్తిలో ఎంత వెనుకకు తన్నుచున్నదో ఈ మీటరు చూపును. 1.5 చూపినచో నూటికి 4 పాళ్లు వెనుకకు వచ్చుచున్నవి, ఇది మంచిదే. 2 చూపినచో 11 పాళ్లు. 3 చూపినచో 25 పాళ్లు, మాట్లాడుట మానవలెను.

ఈ పరీక్ష ఆరుబయట చేయవలెను. రేకుల కొట్టములకు, గోడలకు దూరముగ బండిని నిలిపి, తలుపులు మూసి, ఎవరును ఏరియల్‌ను తాకకుండ చూడవలెను. ఖాళీగా ఉన్న ఛానెల్ అని విని తెలిసికొని, కొద్ది సెకండ్లు మాత్రమే మీట నొక్కవలెను. ఒకసారి 1వ ఛానెల్‌లో, ఒకసారి 40వ ఛానెల్‌లో కొలువవలెను.

1వ ఛానెల్‌లో ఎక్కువ, 40వ దానిలో తక్కువ చూపినచో ఏరియల్ పొట్టిగా ఉన్నది. కొన మరను సడలించి కొంచెము పొడిగింపవలెను.

40వ ఛానెల్‌లో ఎక్కువ, 1వ దానిలో తక్కువ చూపినచో ఏరియల్ పొడవుగా ఉన్నది, కొంచెము తగ్గింపవలెను.

రెండింటిలోను 3కు మించి చూపినచో దోషము పొడవులో లేదు. ఎర్తు అతుకు, బుష్, కేబులు ఈ మూడింటిని మరల చూడవలెను. ఈ స్థితిలో చువ్వను కత్తిరింపరాదు. కత్తిరించినది మరల రాదు.

మంచి మీటరు చూపు కూడ మోసగింపవచ్చును

ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. పూర్తి పొడవుగల ఏరియల్ సహజముగా సుమారు 36 ఓములు చూపును. సెట్టు 50 ఓములను కోరును. అతుకు చెడి, తుప్పు వలన ఇంకొక 14 ఓములు కలిసినవనుకొనుడు. మొత్తము సరిగా 50 అగును. మీటరు “అంతయు బాగున్నది” అని చూపును. కాని 50లో 14 వంతులు, అనగా నూటికి 28 పాళ్ల శక్తి ఆ తుప్పులో వేడిగా మారి పోవుచున్నది. పొట్టి ఏరియల్‌లలో ఈ నష్టము ఇంకను ఎక్కువ. కావున మీటరు చూపును చూచి తృప్తిపడక, అతుకులను కంటితో చూచి, చేతితో కదిపి పరీక్షింపవలెను. మందు కొట్టు యంత్రములో ఒత్తిడి ముల్లు సరిగా నున్నంత మాత్రమున మందు ఆకు మీద పడుచున్నదని చెప్పలేము గదా! ఇదియు అట్టిదే.

తల మీది తీగెలు: ప్రాణాపాయము

బండిపై ఏరియల్ నిలుపు ప్రతివాడును ఒక లెక్క చేసికొనవలెను. కోతయంత్రపు పైకప్పు నేల నుండి 3.5 మీటర్లు అనుకొనుడు. దానిపై 2.7 మీటర్ల చువ్వ నిలిపినచో మొత్తము 6.2 మీటర్లు. మన నియమముల ప్రకారము పొలముల మీదుగా పోవు 11 కిలోవోల్టుల వట్టితీగె నేల నుండి కనీసము 4.6 మీటర్ల ఎత్తున ఉండిన చాలును. వ్రేలాడు తీగె ఇంకను క్రిందుగా ఉండును. అనగా ఆ చువ్వ తీగెను తప్పక తాకును. చువ్వ లేకున్నను, గడ్డి ఎత్తుగా వేసిన ట్రాలీకి, ఎత్తిన టిప్పరుకు ఇదే అపాయము.

కావున పొలములోనికి దిగక ముందు తీగెలు ఎక్కడ ఉన్నవో చూచుకొనవలెను. ఎత్తు బండ్లపై పొట్టి ఏరియల్‌ను, లేదా వంచి కట్టుటకు వీలైన దానిని వాడవలెను. తీగెల క్రింద నిలిచి ఏరియల్ బిగించుట, ఎత్తుట, దించుట చేయరాదు. వ్రేలాడు తీగెను చూచినచో విద్యుత్ శాఖవారికి తెలుపవలెను. కర్రతో ఎత్తి పట్టి బండిని దాటించు సాహసము ఎన్నడును చేయరాదు.

బండి తీగెకు తగిలినచో నడుపువాడు చేయవలసిన పని: సీటులోనే కూర్చుండవలెను. వీలైనచో బండిని వెనుకకు నడిపి తీగె నుండి విడిపింపవలెను. ఇతరులను దూరముగ ఉండుమని కేకవేయవలెను. కరెంటు నిలిపినట్లు విద్యుత్ శాఖవారు చెప్పువరకు దిగరాదు. బండి అంటుకొని దిగక తప్పనిచో, బండిని, నేలను ఒకేసారి తాకకుండ, రెండు పాదములు కలిపి దూరముగ దూకవలెను. తరువాత పాదములు ఎత్తకుండ, రెండును దగ్గరగా జరుపుచు, దూరముగ పోవలెను. అంగలు వేయరాదు. పడిపోయినవానిని లాగుటకు మరియొకడు పరుగెత్తిపోయినచో ఇద్దరును పోవుదురు.

ఉరుములు మెరుపులు గల వేళ ఏరియల్‌ను వంచి, మైకును చేతబట్టక యుండుట మంచిది.

మన దేశములో నియమము

మాట వినుట వేరు, గాలిలోనికి మాట పంపుట వేరు. పంపు సెట్లు ప్రభుత్వ నియమములకు లోబడినవి. మన దేశములో 26.957 నుండి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్లకు మించని తక్కువ శక్తి పరికరములకు 2005లో లైసెన్సు మినహాయింపు ఇచ్చిరి. అయితే ఈ మినహాయింపు షరతులతో కూడినది. అమెరికా సెట్టు 40వ ఛానెల్ 27.405 మెగాహెర్ట్జ్ మీద ఉండును. అది మన హద్దుకు వెలుపలిది. అక్కడి 28వ ఛానెల్ మొదలుకొని పై ఛానెళ్లన్నియు ఈ హద్దును దాటినవే. కావున విదేశములోని బంధువులు పంపిన సెట్టును తెచ్చి నేరుగా బిగింపరాదు. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖకు చెందిన వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగము వారి నియమములను, పరికరపు ఆమోదమును, బయట నిలుపు ఏరియల్‌కు అనుమతి కలదా అను సంగతిని ముందుగా తెలిసికొనవలెను. అమెరికా, కెనడాలలో లారీలు, పొలపు యంత్రములు నడుపు మనవారికి పై పాఠమంతయు ఉన్నదున్నట్లు వర్తించును.

మీ ట్రాక్టరుకు ఇప్పుడే చేయదగిన పని

రేడియో ఉన్నను లేకున్నను, ప్రతి ట్రాక్టరులో బ్యాటరీ ఋణ ధ్రువము నుండి చాసిస్‌కు లేక ఇంజనుకు ఒక పట్టీ ఉండును. స్టార్టరు నీరసముగ తిరిగినపుడు, దీపములు మసకగా వెలిగినపుడు చాలామంది బ్యాటరీనే నిందించి క్రొత్తది కొందురు. అంతకు ముందు ఈ చిన్న పరీక్ష చేయుడు. మల్టీమీటరును వోల్టులకు త్రిప్పి, ఒక మొనను బ్యాటరీ ఋణ ధ్రువపు మొలకపై, రెండవదానిని ఇంజను మీద శుభ్రమైన ఇనుముపై ఉంచి, స్టార్టరును త్రిప్పించుడు. అర వోల్టుకు మించి చూపినచో లోపము ఎర్తు దారిలో ఉన్నది. పట్టీని విప్పి, రెండు చివరల తుప్పును గీకి, పండ్ల వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూయుడు. ఖర్చు స్వల్పము. ఒక బ్యాటరీ వెల మిగులవచ్చును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

— బండి ఏరియల్‌కు రెండవ సగము బండి లోహమే, నేల కాదు.

— పంపుసెట్టుకు నేల ఎర్తు తప్పనిసరి. చట్రమునకు బిగించిన చాలదు.

— రంగు గీకని చోట అతుకు లేదు.

— పట్టీ పొట్టిగా, వెడల్పుగా ఉండవలెను.

— మీటరు మంచిగా చూపినను అతుకులను కంటితో చూడవలెను.

— చువ్వ ఎత్తు కలిపి బండి ఎత్తు ఎంతో తెలిసియుండవలెను; తీగె క్రిందికి పోరాదు.

— నియమము తెలిసికొనక సెట్టును వాడరాదు.

పంటకాలము ముగిసి బండ్లు తీరికగా ఉన్న దినములలో ప్రతి అతుకును ఒకసారి విప్పి, శుభ్రపరచి, మరల బిగించుడు. వర్షాకాలము రాకముందు మరల ఒకసారి చూచుకొనుడు. అదే దినమున పంపుసెట్టు ఎర్తు గోతిలో నీరు పోసి, దాని తీగె తెగలేదని నిర్ధారణ చేసికొనుడు.